కొత్త వంగడం పొలం చేరే దారి ఎవరు వేయాలి? వ్యవసాయ అధికారులకు, శాస్త్రవేత్తలకు అనంతపురం మెట్ట రైతుల బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర వ్యవసాయ శాఖ అధికారులకు, వ్యవసాయ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలకు, జిల్లా అభివృద్ధి ప్రణాళికలు రూపొందించే పెద్దలకు,

నమస్కారం. మేము అనంతపురం జిల్లా కల్యాణదుర్గం ప్రాంతంలో వాన మీద ఆధారపడి వేరుశనగ పండించే రైతులం. ఆర్థికశాస్త్రం చదివి, ఉద్యోగానికి పోకుండా సేద్యంలోనే నిలబడినవాణ్ని కనుక ఊరివాళ్ళందరి తరఫున ఈ లేఖ రాసే పని నాకు అప్పగించారు. ఇందులోని విషయాలను మేము మొదట అర్జీగా రాసి, సోమవారం జరిగే అర్జీల కార్యక్రమంలో ఇచ్చాము. కొన్నాళ్ళకు 'మీ అర్జీ పరిష్కరించబడింది' అని ఫోనుకు సందేశం వచ్చింది. ఊరికి ఎవరూ రాలేదు, మాతో ఎవరూ మాట్లాడలేదు. రెండోసారి అర్జీ ఇస్తే రెండోసారీ అదే సందేశం వచ్చింది. మాకు వేరే దారి కనిపించక ఈ మాటలను అందరి ముందూ పెడుతున్నాము.

సాంకేతికత పెరిగితే ఉత్పాదకత పెరుగుతుందని, ఉత్పాదకత పెరిగితే పేద ప్రాంతం కూడా ముందుకు వస్తుందని మీరు సభల్లో చెబుతుంటారు. మేమూ దాన్ని నమ్ముతున్నాము. మన దేశంలో పనిచేసేవాళ్ళలో సుమారు 46 శాతం మంది వ్యవసాయంలో ఉండగా, దేశ ఆదాయంలో వ్యవసాయం వాటా సుమారు 18 శాతం మాత్రమే. లెక్క కడితే, మిగతా రంగాల్లో ఒక మనిషి సృష్టించే విలువలో నాలుగో వంతు మాత్రమే సేద్యంలో ఉన్న మనిషి సృష్టించగలుగుతున్నాడు. ఆ మనిషి తక్కువ కష్టపడుతున్నాడని ఎవరూ అనలేరు. 1979లో ఆర్థర్ లూయిస్‌తో కలిసి అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకున్న థియోడర్ షుల్ట్జ్, పేద రైతు తన చేతిలో ఉన్న సాధనాలతో సాధించగలిగినదంతా సాధిస్తూనే ఉన్నాడని, అతనికి కావలసింది లాభసాటి అయిన కొత్త సాధనమని చెప్పాడు. ఆ సాధనం మా దాకా రావడానికి దారి లేకపోవడమే మా ఫిర్యాదు.

దారి వేయాలనుకుంటే ప్రభుత్వం వేయగలదు. 2017 ఏప్రిల్‌లో కియా కార్ల కంపెనీతో ఒప్పందం కుదిరితే, 2019 ఆగస్టు నాటికి పెనుకొండ దగ్గర కార్లు తయారై బయటికి వచ్చాయి. భూమి, రోడ్డు, కరెంటు, గొల్లపల్లి జలాశయం నుంచి నీళ్ళు, అన్నీ వేళకు అమరాయి. మా పిల్లలకు కొందరికైనా అక్కడ పని దొరికింది, అందుకు సంతోషించాము. ఆ శ్రద్ధలో కొంత భాగం మా గరుసు నేలల మీద పెట్టి ఉంటే ఈ లేఖ అవసరం అయ్యేది కాదు.

1. అన్నిటికన్నా ముందు విత్తనం గురించి చెప్పాలి. మా పొలాల్లో దశాబ్దాల పాటు ఏలిన టీఎంవీ-2 రకం 1940లో విడుదలైంది. దానికన్నా బెట్టను బాగా తట్టుకునే రకాలు ఆ తర్వాత ఎన్నో వచ్చాయి. అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ వారి ఐసీజీవీ 91114 రకాన్ని మా జిల్లా రైతుల పొలాల్లోనే పరీక్షించారు. కదిరి పరిశోధన స్థానం నుంచి కదిరి-6 వచ్చింది, ఇటీవల కదిరి లేపాక్షి వచ్చింది. అయినా తాతల నాటి రకమే మనవళ్ళ కాలం దాకా పొలాల్లో ఎందుకు ఉండిపోయిందో ఒక్కసారి ఆలోచించండి. బీటీ పత్తికి 2002లో అనుమతి వస్తే, పదేళ్ళు గడిచేసరికి దేశంలోని పత్తి పొలాల్లో పదింట తొమ్మిది వంతులు దాని కిందికి వచ్చాయి. పత్తి రైతు, వేరుశనగ రైతు ఒకే పల్లెలో ఉంటారు, చాలాచోట్ల ఒకే ఇంట్లో ఉంటారు. కాబట్టి కొత్తదానికి భయపడే రైతు అనే మాట ఇక్కడ చెల్లదు.

తేడా విత్తనంలోనే ఉంది. పత్తి విత్తనం చిన్న ప్యాకెట్లో దుకాణానికి వస్తుంది, ఏటా కొనక తప్పదు కనుక అమ్మే కంపెనీకి లాభం ఉంటుంది, ఆ లాభం కోసం అది ప్రతి ఊరి గోడ మీదా ప్రకటన రాయిస్తుంది. వేరుశనగకు ఎకరాకు 60 నుంచి 80 కిలోల విత్తనపు పప్పు కావాలి, అంటే సుమారు క్వింటాలు కాయ. ఒకసారి మంచి రకం చేతికి వస్తే రైతు తన పంటలోంచే మరుసటి ఏటికి దాచుకోగలడు, అందువల్ల ఏ కంపెనీకీ దీని మీద ఆసక్తి లేదు. పైగా ఇది నెమ్మదిగా పెరిగే విత్తనం. మా నేలలో ఓ మోస్తరు వానకు ఎకరాకు ఐదు క్వింటాళ్ళు పండితే, ఒక ఎకరా విత్తనం మరుసటి ఏడాది ఐదెకరాలకు, ఆ తర్వాత ఇరవై అయిదింటికి, ఆ పైన నూట ఇరవై అయిదింటికి సరిపోతుంది. మధ్యలో ఒక్క ఏడు కరువు వస్తే దాచిన కాయంతా వంటింటికో అప్పులవాడికో పోతుంది, లెక్క మళ్ళీ మొదటికి వస్తుంది. మార్కెట్ చేయని ఈ పనిని ప్రభుత్వం చేయకపోతే ఇక ఎవరూ చేయరు. అనుకూల రకాన్ని కనిపెట్టడానికి ప్రజాధనం ఖర్చు పెట్టి, దాన్ని పెంచి పంచడానికి పెట్టకపోవడం వల్ల మొదటి ఖర్చు కూడా సగం వృథా అవుతోంది.

దీని ఫలితం సామాన్యుడి ఇంట్లో ఎలా ఉంటుందో చెబుతాను. కిందటి ఖరీఫ్‌కు ముందు మా ఊరివాళ్ళు రాయితీ మీద తెచ్చుకున్న సంచులు విప్పితే అందులో ముక్కిన పప్పు, పుచ్చు పప్పు, రెండు మూడు రకాలు కలిసిన కాయ కనిపించాయి. గోనెసంచిలో చుట్టి మొలక కట్టి చూసుకుంటే నూటికి యాభై కూడా మొలకెత్తని సంచులు ఉన్నాయి. పదునైన వాన పడి మూడు రోజులే అదును ఉన్నప్పుడు సంచి వెనక్కి ఇచ్చి కొత్తది తెచ్చుకునే వ్యవధి ఎవరికీ ఉండదు. మొలిచినంత మొలుస్తుందని గొర్రు కట్టారు. ఆ ఏడు వాన తక్కువేమీ కాదు. అయినా మొక్కల మధ్య ఖాళీలు మిగిలిపోయిన పొలంలో, ఎరువుకు, మందుకు, సేద్యానికి మాత్రం నిండు పొలానికి అయినంత ఖర్చే అయింది.

2. తెలియవలసింది వేళకు తెలియడం కూడా సాంకేతికతే. 2000 సంవత్సరం ఖరీఫ్‌లో మన జిల్లాలో సుమారు 2.25 లక్షల హెక్టార్లలో వేరుశనగ ఉన్నట్టుండి కాండం నల్లబడి చచ్చిపోయింది. నష్టం మూడు వందల కోట్ల రూపాయలు దాటింది. మొదట అందరూ దాన్ని మొవ్వుకుళ్ళు తెగులనే అనుకున్నారు. పొగాకు స్ట్రీక్ వైరస్ దీనికి కారణమని, గట్ల మీద పెరిగే వయ్యారిభామ కలుపు మొక్క పుప్పొడిలో అది ఉంటుందని, తామర పురుగులు ఆ పుప్పొడిని మోసుకొచ్చి మొక్కకు అంటిస్తాయని శాస్త్రవేత్తలు తర్వాత తేల్చారు. అది గొప్ప పని, మేము మరచిపోలేదు. ఆ పరిశోధన నుంచి వచ్చిన సలహా ఎంత చవకైనదో చూడండి. పూత రాకముందే వయ్యారిభామను పీకెయ్యాలి, పొలం చుట్టూ నాలుగు సాళ్ళు జొన్నో సజ్జో వేయాలి. ఇందుకు గుప్పెడు గింజలు చాలు. ఇంత చవకైన సలహా కూడా ఇప్పటికీ అన్ని పొలాలకూ చేరలేదు. మేడి పట్టుకుని దున్నే మా అన్నదమ్ముల్లో చాలామందికి ఆ నాలుగు సాళ్ళు ఎందుకో తెలియదు, ఎందుకంటే చెప్పవలసిన గ్రామ స్థాయి సిబ్బందికి ఈ-పంట నమోదు (ఏ పొలంలో ఎవరు ఏ పంట వేశారో ఆన్‌లైన్‌లో ఎక్కించడం), ఫొటోలు, పథకాల జాబితాలతోనే రోజు గడిచిపోతోంది. ఆ పిల్లలు చదువుకున్నవాళ్ళే, చేయగలిగినవాళ్ళే. వాళ్ళను పొలంలోకి రానివ్వండి.

3. యంత్రాల విషయం జాగ్రత్తగా చెప్పవలసినది. ప్రభుత్వం డ్రోన్ల మీద ఎంతో ఉత్సాహం చూపిస్తోంది. నీటి వసతి ఉన్న వరిపొలాల్లో, మిరప తోటల్లో వాటి ఉపయోగం ఉండవచ్చు. అయితే మా దగ్గర మనిషి ఒళ్ళు హూనమయ్యే పని మందు కొట్టడం దగ్గర లేదు. మృగశిర కార్తెకు ముందు మా ఊళ్ళో ఏ ఇంటి వసారాలోకి తొంగి చూసినా, ఆడవాళ్ళు గుండ్రంగా కూర్చుని విత్తనకాయలు వొలుస్తూ కనిపిస్తారు. కాయ మీద కాస్త నీళ్ళు చిలకరించి, బొటనవేలితో నొక్కి, పప్పు పైపొర చెదరకుండా విడదీయాలి. పొర చెదిరితే మొలవదు. నాలుగో రోజుకు గోటి మొదలు చీలి, గుడ్డపీలిక చుట్టుకుని పని సాగిస్తారు. కూలి కిలోల లెక్కన ఇస్తారు కనుక వేలు నొచ్చిన రోజున కూలి కూడా తగ్గుతుంది. భోపాల్‌లోని కేంద్ర వ్యవసాయ ఇంజనీరింగ్ సంస్థ చేతితో నడిపే వేరుశనగ వొలుపు యంత్రాన్ని ఏనాడో రూపొందించింది. దానికి కరెంటు అక్కర్లేదు. మా మండలంలో ఎంతమంది దాన్ని కళ్ళతో చూశారో విచారించండి.

ఇక్కడే ఇంకో మాట దాచకుండా చెప్పాలి. యంత్రం వస్తే ఆ ఆడవాళ్ళ కూలి పోతుంది. కోత కాలంలో కాయ దులిపే మిషను వచ్చినప్పుడు అదే జరిగింది. పెద్ద రైతుకు ఖర్చు తగ్గింది, ట్రాక్టరు యజమానికి బాడుగ వచ్చింది, కాయ తెంపి నాలుగు రూపాయలు సంపాదించుకునే భూమి లేని ఆడకూలీ బెంగళూరు బస్సు ఎక్కింది. పాకిస్తాన్‌లోని సియాల్‌కోట్ ఫుట్‌బాల్ కార్ఖానాల మీద 2017లో ప్రచురితమైన ఒక అధ్యయనం ఉంది. బంతికి కావలసిన ముక్కలను ముడిసరుకు వృథా తగ్గేలా కోసే కొత్త అచ్చును పరిశోధకులు ఉచితంగా ఇచ్చినా చాలా కార్ఖానాలు వాడలేదు. ముక్కకు ఇంత అని కూలి తీసుకునే పనివాళ్ళకు కొత్త అచ్చు వల్ల మొదట్లో పని నెమ్మదించి, కూలి తగ్గేది. అందుకని వాళ్ళు దాన్ని మెచ్చుకోలేదు. దాన్ని నేర్చుకుని చూపించిన పనివాడికి నెల జీతమంత బహుమతి ఇస్తామన్నాక వాడకం పెరిగింది. పనిచేసే మనిషికి వాటా లేని చోట మంచి యంత్రం కూడా మూలన పడుతుందని మాకు దీని నుంచి అర్థమైంది. అందుకే వొలుపు యంత్రాలను, కాయ దులిపే మిషన్లను కూలికి పోయే ఆడవాళ్ళ పొదుపు సంఘాల పేరుతోనే ఇవ్వమని మేము కోరుతున్నాము. అప్పుడు యంత్రం బాడుగ ఆమె ఇంటికే వస్తుంది.

4. పంట ఊడ దిగే దశలో ఒక్క తడి అందితే పంట నిలబడుతుంది, అందకపోతే కట్టె మాత్రమే మిగులుతుంది. 2006 ఫిబ్రవరి 2న జాతీయ ఉపాధి హామీ పథకం మన నార్పల మండలం బండ్లపల్లిలోనే మొదలైంది. ఆ పథకం కింద తవ్విన పంట కుంటలు మా పొలాల్లో ఉన్నాయి. 2016 ఖరీఫ్‌లో ఎండుతున్న వేరుశనగకు రెయిన్‌గన్‌లతో నీళ్ళు చల్లే కార్యక్రమం కూడా మన జిల్లాలోనే జరిగింది. కుంట ఊళ్ళో ఉంది, నీళ్ళు తోడే ఇంజను, పైపులు, గన్ను ఊళ్ళో లేవు. వాటిని ఊరికి సొంతం చేసి, చూసుకోవడానికి ఒక మనిషిని పెట్టి ఉంటే ప్రతి బెట్టకూ కొత్త కార్యక్రమం ప్రకటించే అవసరం ఉండేది కాదు.

5. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే చోట, రైతు కొత్త పద్ధతి మీద డబ్బు పెట్టడానికి వెనకాడితే అది లెక్క తెలిసినతనమే. ఉత్తర ఘనాలో రైతుల మీద జరిగి 2014లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, వాన బీమా దొరికిన రైతులు సేద్యం మీద పెట్టుబడి గణనీయంగా పెంచారు. చేతిలో డబ్బు లేకపోవడం కన్నా, నష్టపోతామన్న భయమే వాళ్ళను ఎక్కువగా ఆపుతోందని తేలింది. మన అనంతపురం, మహబూబ్‌నగర్ జిల్లాల పల్లెల్లో జరిగిన అధ్యయనాల్లో కూడా, నమ్మకమైన మనిషి పరిచయం చేసిన చోట వాన బీమా కొనేవాళ్ళు పెరిగారు. నమ్మకం కుదిరితే రైతు ముందుకు వస్తాడు. మా దగ్గర ఆ నమ్మకం చెడిపోయింది. మా వాన ఒక గట్టు మీద పడి పక్క గట్టు మీద పడదు. దూరంగా ఎక్కడో ఉన్న వాతావరణ కేంద్రంలో పడిన చినుకులు మా పొలంలో పడినట్టు లెక్కలోకి ఎక్కితే, ఎండిన పంటకు పరిహారం రాదు. ఏ కేంద్రంలో ఏ రోజు ఎంత వాన నమోదైందో మాకు చెప్పేవాళ్ళు లేరు, అడిగితే ఒకరు ఇంకొకరి పేరు చెబుతారు.

6. కౌలు రైతుకు వీటిలో ఏదీ అందదు. 2019 పంట సాగుదారు హక్కుల చట్టం కింద కార్డు రావాలంటే భూయజమాని ఒప్పుకోవాలి. యజమాని భయపడి సంతకం పెట్టడు, కార్డు లేని మనిషికి రాయితీ విత్తనం లేదు, బీమా లేదు. భూమిని నిజంగా దున్నుతున్న మనిషే పథకాల బయట ఉంటే, ఆ భూమి ఉత్పాదకత పెంచుతామనే మాటకు అర్థం ఏముంటుంది?

ఇది మా ఒక్క జిల్లా బాధ అనుకోవద్దు. చైనాలో హెక్టారుకు మూడున్నర టన్నులకు పైగా వేరుశనగ పండుతోంది, మన దేశ సగటు రెండు టన్నుల చుట్టూ ఉంది, కరువు ఏళ్ళలో మా జిల్లాలో అర టన్ను కూడా దాటదు. వాళ్ళకు నీళ్ళున్నాయి, నేలలు వేరు, ఆ తేడాను మేము కాదనడం లేదు. కానీ ఆ తేడాలో విత్తనం, యంత్రం, సలహా వల్ల వచ్చే భాగాన్నయినా తగ్గించుకోవచ్చు కదా. దేశం తన వంటనూనెలో సగానికి పైగా బయటి నుంచి తెచ్చుకుంటోంది. నూనెగింజల సాంకేతిక మిషన్ 1986లో మొదలైంది. 2024 అక్టోబరులో కేంద్రం రూ.10,103 కోట్లతో మళ్ళీ నూనెగింజల జాతీయ మిషన్‌ను ఆమోదించింది. ఆ డబ్బు మా పొలాల దాకా రావాలంటే ఈ కింది పనులు జరగాలని మేము గట్టిగా కోరుతున్నాము.

(1) కల్యాణదుర్గం, రాయదుర్గం, ఉరవకొండ ప్రాంతాల్లోని ప్రతి మండలంలో, బోరు వసతి ఉన్న రైతుల పొలాల్లో, రబీలో కొత్త వేరుశనగ రకాల విత్తనోత్పత్తిని విశ్వవిద్యాలయం పర్యవేక్షణలో చేపట్టాలి. పండిన విత్తనాన్ని మద్దతు ధర కన్నా మెరుగైన ధరకు అక్కడే కొని, అదే మండలంలో ఖరీఫ్‌కు ఇవ్వాలి. వ్యాపారుల దగ్గర కొన్న కాయను సంచులకు నింపి విత్తనంగా పంచడం ఆపాలి. ప్రతి లాటు మొలక శాతాన్ని పంపిణీకి ముందే ఊళ్ళో పరీక్షించి, ఫలితాన్ని బోర్డు మీద రాయాలి. తక్కువ మొలక ఉన్న లాటు పంచితే బాధ్యులెవరో ముందే ప్రకటించాలి.

(2) యాంత్రీకరణ నిధుల్లో మెట్ట వేరుశనగకు వేరుగా కేటాయింపు చూపాలి. చేతితో నడిపే వొలుపు యంత్రాలు, విత్తనశుద్ధి డ్రమ్ములు, కాయ దులిపే మిషన్లు భూమి లేని ఆడవాళ్ళు సభ్యులుగా ఉన్న పొదుపు సంఘాలకు మొదట ఇవ్వాలి, బాగుచేయడం కూడా వాళ్ళకే నేర్పాలి.

(3) పంట కుంటలున్న ప్రతి ఊరికీ ఇంజను, పైపులు, రెయిన్‌గన్ ఊరి ఆస్తిగా ఉండాలి.

(4) వాన కొలిచే పరికరం ప్రతి గ్రామానికీ ఉండాలి. ఆ రోజు నమోదైన వానను గ్రామ సచివాలయం గోడ మీద ప్రతి సాయంత్రం రాయాలి, బీమా లెక్క ఆ అంకెల మీదే జరగాలి.

(5) యజమాని సంతకం లేకపోయినా, ఈ-పంటలో నమోదైన సాగుదారుకు విత్తనం, బీమా అందేలా నిబంధన మార్చాలి.

(6) గ్రామ స్థాయి వ్యవసాయ సిబ్బందికి ఏరువాక నుంచి కోత దాకా వారంలో కనీసం మూడు రోజులు పొలం పని తప్ప మరే పనీ అప్పగించకూడదు.

వీటిలో ఏది సాధ్యమో, ఏది కాదో, కాకపోతే ఎందుకు కాదో మాకు రాతపూర్వకంగా చెప్పండి. 'పరిష్కరించబడింది' అనే సందేశం మాకు వద్దు. రబీ విత్తనోత్పత్తికి పొలాలు ఎంపిక చేయవలసిన సమయం అక్టోబరు. అంతకు ముందే మా ఊళ్ళో రచ్చకట్ట దగ్గర అధికారులు, శాస్త్రవేత్తలు, రైతులు, కూలి ఆడవాళ్ళు కలిసి కూర్చునే ఒక సమావేశం ఏర్పాటు చేయండి. తేదీ మీరే నిర్ణయించండి, ఊరందరినీ పిలిచే బాధ్యత మాది.

ఇట్లు,
కల్యాణదుర్గం ప్రాంత వర్షాధార వేరుశనగ రైతుల తరఫున ఒక రైతు,
అనంతపురం జిల్లా